చిత్రనళీయ రంగప్రస్థానము
(ధర్మవరం రామకృష్ణమాచార్య స్మారకోపన్యాసము)



కన్నడ తమిళ సీమల యంచుల నానుకొనియున్న ఈ రామకుప్పం తెలుగుగడ్డపై, ఆంధ్రనాటక పితామహుడని ప్రసిద్ధిగాంచిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల స్మృత్యర్థము ప్రసంగించుచున్నాను. ఆయన కృతులన్నింటిని స్పృశించుటకు కాలము చాలదు గనుక, చిత్రనళీయమను ఒక్క నాటకపు రంగచరిత్రను మాత్రమే మనవి చేసెదను.

నాటకము గ్రంథస్థమగుట వేఱు, రంగమెక్కుట వేఱు. కోరాడ రామచంద్రశాస్త్రిగారి మంజరీమధుకరీయము 1860 ప్రాంతమున వెలువడినను ప్రదర్శనకు నోచుకొనలేదు. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ వ్యవహారధర్మబోధినిని విద్యార్థులచేత ఆడించినప్పుడు గాని మన ఆధునికరంగమునకు శ్రీకారము పడలేదు. వకీళ్ల దుర్వృత్తిని అధిక్షేపించిన ఆ ప్రహసనము పుట్టిన ఆఱేడేండ్లకే, బళ్లారిలో ఒక వకీలు ఆ రంగమునకు సర్వాంగశోభ కూర్చుట కాలచమత్కారము.

1853లో జన్మించి, బళ్లారి న్యాయస్థానమున పేరొంది, తెలుగు కన్నడ సంస్కృతాంగ్లములు నేర్చిన ఆచార్యులవారు, 1886లో సరసవినోదినీ సభను నెలకొల్పి, మఱుసటి యేటి జనవరిలో చిత్రనళీయమును ప్రదర్శించిరి. నన్నయభట్టు ఆరణ్యపర్వమునను, శ్రీనాథుడు శృంగారనైషధమునను తీర్చిన నలుని కథ శ్రోతలకు కొత్తది కాదు. ఆ కథను కన్నులకు గట్టించు విధానమే కొత్తది. సంస్కృతనాటక మర్యాదలను విడనాడక, ఆంగ్లనాటకముల రంగవిభాగమును కలుపుకొని, పద్యగద్యముల నడుమ పాటను నిలిపి, రాజ్యమును రూపమును కోల్పోయి ఋతుపర్ణుని కొలువున వంటవాడై సారథియై దినములు గడపు నలుని, అనగా బాహుకుని, పాత్రను ఆయన తామే ధరించిరి.

పాటను నాటకమున నేల చేర్చవలె నను ప్రశ్నకు సమాధానము మన చిత్తూరు సీమలోనే యున్నది. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లయొద్ద జరుగు భారతోత్సవములలో, పగలెల్ల హరికథ వినిన రైతు రాత్రి వీధినాటకము ముందు తెల్లవాఱు దాక కూర్చుండును. చదువురాని ఆతనికి పద్యభావము నందించునది రాగమే, కథాసూత్రమును చేతికిచ్చునది పాటయే. అట్టి ప్రేక్షకుని వెలుపల నిలిపి పండితులకు మాత్రమే నాటకమాడిన, అది సభావినోదముగ మిగిలియుండెడిది. ఆచార్యులవారు తెరయు, దీపములును, అంకములును నవీనములుగ గైకొని, చెవికి మాత్రము తాతలనాటి రుచినే విందుచేసిరి. తెలుగునాటకము ప్రజల సొత్తగుటకు ఇదియే మూలమని నా నిశ్చయము.

సరసవినోదినీ సభ 1891లో మద్రాసునకు పోయి నాటకములాడగా, చదువుకొన్నవారు వేషము కట్టుట చూచి విస్మితుడైన పమ్మల్ సంబంధ మొదలియారను యువకుడు ఆ యేడే సుగుణవిలాస సభను స్థాపించెను. నవీన తమిళరంగమునకు ఆయన మార్గదర్శి. ఇంటిలోనో, ఆచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) గానాధిక్యమును నిరసించి, సహజాభినయమునకు పట్టముగట్టెను. మేనమామ తెచ్చిన పాటను మేనల్లుడు తగ్గించుట విరోధముగ తోచవచ్చును గాని, అప్పటికి ఒక్క పద్యమునకు పదిసార్లు ‘వన్స్ మోర్’ పలికి, హార్మోనియంతో రాగాలాపనల పోటీ పెట్టించి, శ్మశానమున హరిశ్చంద్రుని శోకమును కచేరిగా మార్చిన అపరాధము ప్రేక్షకులమైన మనది. కథను నడపు పాటను ఆచార్యులవారిచ్చిరి; కథను ఆపు పాటను మనము కోరితిమి.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి ఆ నగరపు తెలుగు నాటకచరిత్ర మన పాఠ్యగ్రంథములలో ఒక పేరాగ్రాఫునకు కుంచించుకొని పోయినది. చిత్రనళీయపు పేరు వినినవారు గలరు గాని, చూచినవారు అరుదు.

కావున నా విన్నపములు రెండు. మూడు భాషల కూడలియగు కుప్పమున 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము, మూడు భాషల రంగములకును చుట్టమైన ఈ నాటకమును పరిశోధించి, సులభమైన వెలకు మరల ముద్రింపవలెను. మన పల్లెల నటకులు హరిశ్చంద్రునితోపాటు బాహుకుని వేషమును గూడ కట్టి, పాటను కథకు లోబఱచి పాడవలెను. ఆచార్యులవారికి ఇంతకన్న తగిన స్మారకము వేఱొకటి లేదు.