తానీషా ఏమయ్యాడు?



మా పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరలో పడ్డ కథ మీకు కంఠోపాఠమే. శ్రీరామనవమినాడు మా చిన్నమ్మాయి అడిగింది: "అమ్మా, తర్వాత తానీషా ఏమయ్యాడు?" నాకు తెలిస్తేగా! పుస్తకాలు తిరగేశాను.

అబుల్ హసన్ తానీషా షా రాజూ అనే సూఫీ గురువు దగ్గర ఏళ్ళ తరబడి శిష్యరికం చేశాడు. అబ్దుల్లా కుతుబ్‌షాకు అల్లుడై, 1672లో సుల్తానయ్యాడు. మాదన్నను మంత్రిగా పెట్టుకున్నాడు. అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలంటారు. 1686లో ఆ అన్నదమ్ములిద్దరినీ వీధిలో చంపేశారు. మరుసటేడు ఔరంగజేబు ఎనిమిది నెలలు కోటను చుట్టుముట్టాడు. చివరికి లోపలివాడే డబ్బుకు ఆశపడి తలుపు తీశాడు.

శత్రువులు ఇంట్లోకి వస్తే తానీషా కంగారుపడలేదుట. భోజనం వడ్డించమని, తాను తిని, వాళ్ళనూ తినమన్నాడుట. రోజూ వడ్డించే చేతులు కదా మనవి, నేనిక్కడ కాసేపు ఆగిపోయాను.

తరువాత దౌలతాబాదు కోటలో ఖైదు. గోపన్నకు పన్నెండేళ్ళ చెర అని చెప్పుకుంటాం. ఈయనకూ దాదాపు అంతే. కానీ విడిపించడానికి ఎవరూ రాలేదు. అక్కడే పోయాడు.

అమ్మాయి అంతా విని, "కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయనదేనటగా?" అంది. అవునంటారమ్మా, అన్నాను.