గ్రీన్ టీ తాగుదాం, మాత్రలు మాత్రం మానొద్దు



దుబాయ్ సోనాపూర్ క్యాంపులో మా రూంలో ఎనిమిది మందిమి. పోయినేడాది దాకా రోజుకు నాలుగైదు కరక్ చాయ్‌లు తాగేవాళ్లం. ఒక్కో కప్పులో డబ్బా పాలు, రెండు చెంచాల చక్కెర. ఆ చక్కెర తగ్గించాలనే గ్రీన్ టీ మొదలుపెట్టాం. మంచిదే అయింది.

అయితే మాలో ఒకతను ఫోన్‌లో వీడియో చూసి, "గ్రీన్ టీతో షుగర్ పోతదంట" అని మాత్రలు ఆపేశాడు. మూడు వారాలకు సైట్‌లో కళ్లు తిరిగి కూలబడ్డాడు. దేవుడి దయ, అప్పుడు స్కాఫోల్డింగ్ మీద లేడు. రోజూ హాజరు తీసుకునే మేము, మాత్ర వేసుకున్నావా అని ఒక్కనాడూ అడగలేదు.

అందుకే చెబుతున్నాం. గ్రీన్ టీ మందు కాదు. మామూలు చాయ్‌పత్తా చెట్టు ఆకే అది. చక్కెర లేకుండా తాగితేనే మనకు లాభం. సలసల మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది. కాస్త ఆరనిచ్చి పోసి, రెండు మూడు నిమిషాలకు బ్యాగ్ తీసేయాలి. అన్నంతోపాటు తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగాలి. పడుకునే ముందు తాగితే నిద్ర చెడుతుంది.

ఎండలో నీళ్లకు బదులూ కాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని బంద్. మిగతా గంటల్లో 15, 20 నిమిషాలకో గ్లాసు నీళ్లు తాగాల్సిందే.

మాత్రలు డాక్టర్ చెబితేనే ఆపుదాం. చాయ్ తాగినవా అని అడిగినట్టే, మాత్ర వేసుకున్నవా అని కూడా ఒకరినొకరం అడుగుదాం.