పెట్టెలో మిగిలిన ఉత్తరాలు
(శతజయంతి సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘ చరిత్రను గురించి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్ను ఆజ్ఞాపించారు. చరిత్ర చెప్పాలంటే ముందు కాగితాలు ఉండాలి గదా. అందుచేత ఈ పూట కాగితాలను గురించే మనవి చేసుకుంటాను.

అపొస్తలుడైన పౌలు చెరసాలలో ఉండి తిమోతికి రాసిన రెండవ పత్రిక మీరెరుగుదురు. వచ్చేటప్పుడు అంగీతో పాటు పుస్తకాలూ, ముఖ్యంగా చర్మపు కాగితాలూ తెమ్మని కోరాడు. ఆ చర్మపు కాగితాలు మనకు మిగలలేదు. ఆయన ఇతరులకు రాసిన పత్రికలు మాత్రం, అందుకున్నవారు దాచిపెట్టినందున, నేటికీ మన చేతుల్లో ఉన్నాయి. రాసినవాని పెట్టె పోయినా అందుకున్నవాని పెట్టె నిలిచింది. ఈ సంగతికి మరొక సాక్ష్యంగా ఒక ఉపాధ్యాయుని కథ చెబుతాను.

ఆయన పేరు జాన్ చావిస్. అమెరికాలో బానిసత్వం అమలులో ఉన్న కాలంలో, సుమారు 1763లో, స్వతంత్రుడైన నల్లవాడిగా జన్మించారు. యౌవనంలో ఆ దేశ స్వాతంత్ర్య యుద్ధంలో సైనికుడిగా పనిచేశారు. తర్వాత ఉన్నత విద్య అభ్యసించారు. 1800లో లెగ్జింగ్టన్ ప్రెస్బిటరీ ఆయనకు వాక్యము బోధించే అనుమతి ఇచ్చింది. ప్రెస్బిటేరియన్ సంఘంలో బిషప్పులుండరు. బోధకులు, పెద్దలు కలిసి కూర్చునే సభనే ప్రెస్బిటరీ అంటారు. 1801 మొదలు కొన్నేళ్లు ఆయన మిషనరీగా తిరిగి, తర్వాత ఉత్తర కరోలినా రాష్ట్రంలో బడి పెట్టుకున్నారు.

1808లో రాలీ పట్టణపు పత్రికలో ఆయన ఇచ్చిన ప్రకటన ఒకటి నిలిచి ఉంది. అంతవరకు తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు ఆయన బడిలో పగలే చదివేవారు. తల్లిదండ్రులలో కొందరికి అది గిట్టలేదు. వారికోసం పగటి బడిలోనుంచి నల్ల పిల్లలను తీసివేసి, సాయంత్రం మొదలు రాత్రి 10 గంటల వరకు వారికి వేరుగా బడి నడుపుతానని ఆయన ప్రకటించారు. మూడు నెలలకు జీతం తెల్ల పిల్లలకు 2½ డాలర్లు, నల్ల పిల్లలకు 1¾ డాలర్లు. బడి నిలుపుకోడానికి ఆయన ఎంత దిగమింగవలసి వచ్చిందో ఆ నాలుగు వాక్యాలలో కనిపిస్తుంది. అయినా ఆ పిల్లలను ఇంటికి పంపివేయలేదు. తాను మాత్రం రాత్రి పదింటి దాకా మేలుకున్నారు.

1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ నాయకత్వాన బానిసలు తిరుగుబాటు చేశారు. దానికి భయపడి ఉత్తర కరోలినా శాసనసభవారు నల్లవారెవరూ బోధించరాదని చట్టం చేశారు. 1832లో చావిస్ తన కష్టం ప్రెస్బిటరీకి విన్నవించుకోగా, దేవుడు మార్గం తెరిచేవరకు చట్టానికి లోబడి ఉండమని వారు చెప్పారు. ముప్పై ఏళ్ల పైచిలుకు బోధించిన నోరు మూతబడింది. తర్వాత ఆయన పోషణకు ప్రెస్బిటరీవారు ఏటా 50 డాలర్లు ఏర్పాటు చేశారు. 1837లో ప్రాయశ్చిత్త సిద్ధాంతంపై ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి, 1838లో ఆయన కన్నుమూశారు.

ఆయన మనసు మనకు ఎలా తెలిసింది? విల్లీ మాంగమ్ అనే తెల్లాయన ఉండేవారు. ఆ రాష్ట్రంనుంచి అమెరికా సెనేటుకు ఎన్నికైనవారు, బానిసలు గల భూస్వామి. చావిస్ గారికి ఆయన శిష్యుడని చెబుతారు. చావిస్ రాసిన ఉత్తరాలను ఆయన పారవేయకుండా తన కాగితాలలో ఉంచుకున్నారు. ఆ కాగితాలు 1950 నుంచి అయిదు సంపుటాలుగా అచ్చయ్యాయి.

ఆ ఉత్తరాలలో ఆయన సెనేటరును రాజకీయాల విషయమై మందలిస్తారు. చూడడానికి రాలేదని నొచ్చుకుంటారు. 1832లో, బోధ నిషేధమైన ఏడాదే, ఇలా అడిగారు: నేను నల్లవాడినైనా స్వతంత్రుడిగా పుట్టిన అమెరికనుడినని, దేశంకోసం యుద్ధం చేసినవాడినని, నన్ను బొత్తిగా లెక్కలోంచి తీసివేయరాదని వారితో చెప్పండి, అని.

సోదరులారా, మనకు నచ్చని మాట కూడా అక్కడే ఉంది. 1836 నాటి ఉత్తరంలో, బానిసత్వం దేశానికి కీడేనని ఒప్పుకుంటూనే, దానిని ఒక్కసారిగా రద్దు చేయడం మంచిది కాదని వాదించారు. అది చదివి నాకు మనసు బాధపడింది. అయినా ఆ ఉత్తరాన్ని దాచిపెట్టి మిగతావి చూపిస్తే మనం చెప్పేది చరిత్ర కాదు. దావీదు పాపాన్ని, పేతురు బొంకును పరిశుద్ధ గ్రంథం దాచిందా? స్మారక సంచికలలో అందరం మచ్చలేనివారమే. మనిషి మొత్తంగా కనబడేది ఉత్తరాలలోనే.

ఇక నా తప్పు ఒప్పుకుంటాను. మా నాయనగారు కూడా పగలు పలక పట్టించి, ఆదివారం ప్రార్థన నడిపిన పల్లెటూరి పంతులే. ఆయన ప్రభువునందు నిద్రించిన తర్వాత ఆయన ట్రంకు పెట్టెలోని కాగితాలన్నీ చిత్తుకాగితాలు కొనేవానికి తూకానికి వేశాము. చెదలు పట్టాయని చెప్పుకున్నాము గాని, విప్పి చదివినవాళ్లం కాము. కొన్నేళ్లకు ఒక ముసలమ్మగారు బైబిలులో దాచిన ఉత్తరం ఒకటి తెచ్చి, “మీ నాయనగారు మా ఇంటాయనకు రాసింది బాబూ, నీ దగ్గరుంచు” అని ఇచ్చింది. అందులో మా నాయన తన పాత శిష్యుణ్ణి గట్టిగా కోప్పడ్డారు: అయిదో తరగతితో ఆడపిల్లను బడి మానిపిస్తావా, నేను నీకు నేర్పిన చదువు ఇందుకేనా, అని. మా నాయనగారి చేతిరాత నాకు ఇప్పుడు అదొక్కటే మిగిలింది. ఆ అమ్మాయి చదువుకుందట.

కాబట్టి నేను కోరేది ఒక్కటే. ఇంటికి వెళ్లి మీ పెట్టెలు తెరవండి. మీ పంతులుగారు, మీ పాస్టరుగారు, మీ తాతగారు రాసిన కార్డు ముక్క అయినా సరే, పారవేయకండి. ఎవరు, ఎవరికి, ఏ సంవత్సరంలో రాశారో వేరే కాగితం మీద రాసి జతచేయండి. కోపంగా రాసినవీ, అప్పు అడిగినవీ, పోట్లాడినవీ కూడా ఉంచండి. మీ గురువుగారి పెట్టె ఏమైపోయిందో మనం ఎరుగము. ఆయన జీవితం మీ పెట్టెలో ఉండవచ్చు.

 దేవుడు మన సంఘాన్ని దీవించును గాక.