పరదేశమున ఆంగ్లబోధన

పరదేశమునకేగి ఆంగ్లము బోధింపగోరు యువకులు కొందఱు, విశ్వవిద్యాలయము మేలా, ఉన్నత పాఠశాల మేలా యని నన్నడుగుచుందురు. జపాను దేశపు ముచ్చట యొక్కటి చెప్పెదను.

లఫ్కాడియో హెర్న్ 1890లో మత్సుయే పట్టణపు మాధ్యమిక పాఠశాలలో ఉపాధ్యాయుడై, బాలురు వ్రాసిన వ్యాసములను దిద్దుచు, వారి తలపులను, నమ్మకములను వానినుండియే గ్రహించెను. 1896లో టోక్యో విశ్వవిద్యాలయమున బోధకుడయ్యెను. అచ్చట ఆయన మెల్లమెల్లగా చెప్పిన యుపన్యాసములను విద్యార్థులు వ్రాసికొనిరి. ఆయన గతించిన పిదప ఆ వ్రాతలే గ్రంథములైనవి. 1903లో ఆ కొలువు పోయెను. ఆ స్థానమునకు నత్సుమె సొసెకి వచ్చెను.

నేటి తీరు వేఱు. 1987లో ఆరంభమైన జెట్ పథకముచే బడికేగువాడు సాధారణముగా సహాయకుడే. పగ్గములు జపాను ఉపాధ్యాయుని చేతిలో నుండును. విశ్వవిద్యాలయమున స్వాతంత్ర్య మెక్కువ, బోధనపు గంటలు తక్కువ, కాని ఎం.ఏ. వంటి పట్టము తఱచుగా కోరుదురు, కొలువునకు గడువును పెట్టుదురు.

చిన్నపిల్లలచే శబ్దములు వల్లెవేయించినవాడను గాన నా పక్షపాతము బడివైపే. పదునెనిమిదేండ్లవాని నోట నాటుకొనిన యుచ్చారణతో ఆచార్యుడు పెనగవలెను. బడిపంతులకు నాలుక లేతగా దొరకును. ఒడంబడికలోని గడువును చదువక మాత్రము విమాన మెక్కకుడు.