చక్కెర జబ్బుకూ క్యాన్సరుకూ చుట్టరికం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము, బడిపంతుళ్ళము. షుగరు గురించి చెప్పబోతే "అది తెలిసిందే గదా మాస్టర్ సాబ్" అంటారు. కనుక షుగరుకూ క్యాన్సరుకూ ఉన్న చుట్టరికం ఒక్కటే చెప్పదలచాము.

క్యాన్సరు అనగానే మనకు బీడీ, జర్దా, గుట్కా గుర్తుకొస్తాయి. అది సబబే. మన దేశంలో ఈ జబ్బుకు పెద్ద కారణం ఇప్పటికీ పొగాకే. కాని పొగాకు ముట్టని ఇళ్ళలో కూడా వస్తున్నది గదా! ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో పండితులను కూర్చోబెట్టి, వెయ్యికి పైగా పరిశోధనలను తిరగేయించింది. ఒంట్లో అధిక కొవ్వు 13 రకాల క్యాన్సర్లకు అవకాశం పెంచుతుందని వారు తేల్చారు. పెద్దపేగు, కాలేయం, క్లోమం, పిత్తాశయం, మూత్రపిండం, గర్భసంచి లోపొర, ముట్లుడిగిన తరువాత వచ్చే రొమ్ము క్యాన్సరు అందులోనివే. అంతకు ముందు 2010లో అమెరికాలోని మధుమేహ సంఘమూ, క్యాన్సరు సంఘమూ కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. కాలేయం, క్లోమం, గర్భసంచి లోపొర క్యాన్సర్లు షుగరు ఉన్నవారిలో ఇతరులకంటె సుమారు రెట్టింపు అని అందులో ఉన్నది. రెట్టింపు అనగానే హడలిపోవద్దు. చిన్న లెక్క రెట్టింపయినా చిన్న లెక్కే. షుగరున్న వారిలో ఎక్కువమందికి క్యాన్సరు రాదు.

ఇది ఎందుకు జరుగుతుంది? మా తరగతి గది ఉపమానం చెబుతాము. పిల్లలు మాట వినరు. మాస్టరు గొంతు పెంచుతాడు. అయినా వినరు, ఇంకా పెంచుతాడు. చివరికి పక్క తరగతి పిల్లలు ఉలిక్కిపడతారు. పొట్ట పెరిగినప్పుడు కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. క్లోమం మరింత ఇన్సులిన్ పోస్తుంది. ఇన్సులిన్ చక్కెరను సర్దడమే గాక, కణాలను "పెరగండి" అని కూడా అంటుంది. ఆ కేక వినవలసిన వాళ్ళు వినకపోగా, వినకూడని కణాలు వింటాయి. పైగా ముట్లుడిగిన స్త్రీలలో కొవ్వే ఈస్ట్రోజన్ తయారు చేస్తుంది. గర్భసంచికీ రొమ్ముకూ ముప్పు అక్కడినుంచి.

"మేము లావు లేము" అనేవారు టేపు తెచ్చుకోవాలి. మన దేశస్థులలో మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు అంటారు. చేతులు సన్నగా, పొట్ట బానలా ఉండటం మనలో మామూలే. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లు, దాని గుమ్మంలో నిలబడ్డవారు 13 కోట్ల పైన.

దావత్‌ల సంగతి చెప్పక తప్పదు, ఎవరూ కోపగించుకోవద్దు. బిర్యానీ, దానిమీద డబల్ కా మీఠా, ఆ పైన ఖుబానీ, చేతిలో కూల్‌డ్రింకు! రంజాన్‌లో పగలంతా ఉపవాసం, ఇఫ్తార్‌లో నూనె పకోడీలు, తరావీహ్ అయ్యాక మళ్ళీ హలీం. పొట్టలో మూడోవంతు మాట జుమా బయాన్‌లో విని తలలూపేది కూడా మనమే. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు రోజాలకు ముందే డాక్టరును అడగాలి.

ఇక ఒక అపోహ. చక్కెర మానేస్తే క్యాన్సరు గడ్డ ఆకలితో చస్తుందని కొందరు వైద్యమే ఆపేస్తున్నారు. క్యాన్సరు కణాలు గ్లూకోజు ఎక్కువ తింటాయని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బర్గ్ 1920లలోనే కనిపెట్టిన మాట వాస్తవం. కాని మనం చక్కెర మానినా కాలేయం గ్లూకోజు తయారు చేస్తూనే ఉంటుంది. దానితో గడ్డ కరగదు. మందు ఆపడం ప్రాణానికే మోసం.

తల్లులకు ఒక మాట. మా వీధిలో ఒక పెద్దమ్మకు ఇరవై ఏళ్ళుగా షుగరు. ముట్లు ఆగిన పదేళ్ళకు మళ్ళీ రక్తం కనపడింది. కోడలికి చెప్పడానికి సిగ్గు, కొడుకుకు చెప్పడానికి మరీ సిగ్గు. ఎనిమిది నెలలు దాచింది. ఆసుపత్రికి పోయేసరికి జబ్బు గర్భసంచి దాటిపోయింది. ముట్లుడిగాక ఒక్క చుక్క కనపడినా ఆ వారంలోనే లేడీ డాక్టరుకు చూపించాలి. అన్నిసార్లూ క్యాన్సరే కానక్కరలేదు, కాని చూపించందే తెలియదు. తొందరగా దొరికిన గర్భసంచి క్యాన్సరు ఆపరేషనుతో నయమయ్యేదే ఎక్కువ. అలాగే యాభై దాటాక కొత్తగా షుగరు వచ్చి, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే క్లోమం పరీక్ష గురించి అడగండి.

నడక సంగతి. వారానికి 150 నిమిషాలు చాలు. మగవారికి ఫజర్ తరువాత రోడ్డంతా ఉన్నది. ఆడవారికి ఎక్కడ? ఈద్గా మైదానాన్ని అసర్ తరువాత గంటసేపు వారికి విడిచిపెట్టమని ముతవల్లీ గారిని అడిగాము. వారు సరే అన్నారు, గేటు దగ్గర కూర్చోడానికి ఇద్దరు పెద్ద వయసు స్త్రీలు ఉంటేనే తాళం ఇస్తామన్నారు. ఒకరు దొరికారు. రెండోవారు పరదా వెనుక ఉన్నట్లయితే, సభ కాగానే సెక్రటరీ గారి ఇంట్లో పేరు చెప్పి పోవలసిందిగా కోరుతున్నాము.