ఫలితమునుబట్టి ప్రతిఫలము

పిల్లవానికి చదువు రాకపోయినచో దోషము ఎవరిది? ఇంటివారు పంతులుగారిని అందురు. పంతులుగారు ఇంటివారిని అందురు. ఇరువురును కలసి ప్రభుత్వమును అందురు. ఇంత ప్రజాధనము వెచ్చించుచున్నాము గదా, ఫలితము చూపిన బడికే సొమ్ము ఇచ్చిన నేమి అని అడుగువారును కలరు. వినుటకు న్యాయముగనే యున్నది. అయితే ఈ యోచన క్రొత్తది కాదు. దీనిని ఒక దేశము ముప్పదియేండ్లకు పైగా ఆచరించి చూచినది.

1862లో ఇంగ్లండులో, విద్యావ్యవహారములు చూచుచుండిన రాబర్టు లో అను రాజకీయవేత్త ఒక నూతన నిబంధనావళిని అమలుపరచెను. ఒక్కొక్క బాలునికి సగటు హాజరునుబట్టి బడికి 4 షిల్లింగులు. ఆరేండ్లు దాటిన బాలుడు తగినన్ని పూటలు బడికి వచ్చి, ఇన్స్పెక్టరు ఎదుట చదువుట, వ్రాయుట, లెక్క చేయుట అను మూడింటను నెగ్గినచో మరి 8 షిల్లింగులు. ఒక్కదానిలో తప్పినను 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఈ పద్ధతి పనితనమునైన నిచ్చును, లేదా పొదుపునైన నిచ్చునని ఆయన పార్లమెంటులో వాదించెను. పొదుపు మాట నిజమైనది. 1861లో 8 లక్షల పౌనులు మించియుండిన గ్రాంటు 1865 నాటికి 6 లక్షల చిల్లరకు దిగినది.

మరి పనితనము? కవిగా మనము ఎరిగిన మాథ్యూ ఆర్నాల్డు ఆ రోజులలో పాఠశాలల ఇన్స్పెక్టరు. బోధన యంత్రమువలె మారిపోవుచున్నదని ఆయన తన నివేదికలలో మొరపెట్టుకొనెను. పరీక్షకు వచ్చునవి మూడే గనుక చరిత్ర, భూగోళము మూలబడెను. పిల్లలు వాచకమును కంఠస్థము చేసి, పుస్తకము తలక్రిందులుగా పట్టుకొనియు తప్పులేకుండ అప్పగించెడివారని ఆ కాలపువారు చెప్పుకొనిరి. ఉపాధ్యాయుని కంటికి బాలుడు బాలుడుగా కాక షిల్లింగులుగా కనబడసాగెను. 1890 తరువాత ఈ విధానమును మెల్లమెల్లగా విడనాడిరి.

మన తెలుగు జిల్లాలకును ఇందులో భాగము కలదు. మద్రాసు రాజధానిలోని వీధిబడులకు ఇదే తీరున, పరీక్షాఫలితములనుబట్టి గ్రాంటు లిచ్చెడివారు. 1882లో కూర్చున్న హంటరు కమిషను ప్రాథమిక పాఠశాలలకు ఈ పద్ధతినే సిఫారసు చేసినది. ఇంగ్లండు దానిని వదలుకొనిన తరువాత గాని, అనగా 1904 నాటి విద్యావిధాన తీర్మానము వరకు, ఇచ్చటి ప్రభుత్వము దానిని త్రోసిపుచ్చలేదు. సీమలో విడిచిన చొక్కా మనకు పండుగబట్ట యగుట ఆ దినములలో వింత కాదు.

కథ ఇంతటితో ముగిసినచో ఫలితమును అడుగుటయే తప్పని తేల్చివేయవచ్చును. అట్లు తేల్చుటకు వీలులేకుండ చేసినది మన రాష్ట్రమున జరిగిన ఒక ప్రయోగమే. 2005లో ఆంధ్రప్రదేశమున, తెలంగాణము అందులో చేరియున్న కాలమున, ఐదు జిల్లాలలోని 500 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలను చీటీలు వేసినట్లు విభజించి, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను అర్థశాస్త్రజ్ఞులు పరిశోధన చేసిరి. కొన్ని బడులలో పిల్లల సగటు మార్కులు పెరిగినకొలది ఉపాధ్యాయులకు బహుమానము లభించెను. మరికొన్ని బడులకు అదనపు ఉపాధ్యాయునిగాని, సామగ్రికి సొమ్మునుగాని ఇచ్చిరి. కొన్నిటికి ఏమియు నీయలేదు. రెండేండ్లు గడచునప్పటికి బహుమానము పెట్టిన బడులే లెక్కలలోను భాషలోను ముందుండినవి. బహుమానముతో సంబంధము లేని సామాన్య, సాంఘిక శాస్త్రములలోను ఆ పిల్లలు వెనుకబడలేదు, పైగా మెరుగుపడిరి.

విచిత్రమేమనగా, ఉపాధ్యాయులు బడికి రాకుండుట మాత్రము తగ్గలేదు. వచ్చినవారు వచ్చిన దినమున ఎక్కువ పని చేసిరి. ఇంటిపని ఇచ్చిరి, బడి విడిచిన పిమ్మట పాఠములు చెప్పిరి.

లండనులో చెడినది ఇచ్చట ఎట్లు ఫలించెను? మా మట్టుకు రెండు కారణములు తోచుచున్నవి. అచ్చట ఉన్న రాబడినుండి కోసిరి. ఇచ్చట జీతము ముట్టక పైన చేర్చిరి. అచ్చట గీత దాటినవానికే విలువ. ఇచ్చట ప్రతి పిల్లవాడు తానున్న చోటినుండి ఎంత ముందుకు జరిగెనో చూచిరి. రెండవదే పెద్దదని మా అభిప్రాయము. మా చిన్ననాటి బడిలో ఇన్స్పెక్టరుగారు వచ్చు దినమున ఇద్దరు ముగ్గురు పిల్లలను మామిడితోట కాపలాకు పంపెడివారు. తోటకు ఆ దినమున దొంగల భయమేమియు లేదు. ఆ పిల్లలకు ఎక్కములు రావు, అంతే. ఉత్తీర్ణుల శాతము ఒక్కటే కొలమానమైనచో అట్టి పిల్లవాడు బడికి భారము. వాని పురోగతిని లెక్కించినచో, సున్న నుండి ఐదవ ఎక్కమునకు వచ్చిన వాడే పంతులుగారికి లాభము.

అయినను ఒక చిక్కు మిగిలియే యున్నది. ఆ 500 బడులలో పరీక్ష జరిపినవారు బయటివారు. వేలకొలది బడులలో అట్టి పరీక్ష ఎవరు జరుపవలెను? అమెరికాలో 2002నుండి పరీక్షాఫలితములతో బడుల భవిష్యత్తును ముడిపెట్టిరి. 2011లో అట్లాంటా నగరమున విచారణాధికారులు వెల్లడించినదేమనగా, 44 పాఠశాలలలో 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఈ అక్రమములో పాల్గొనిరి. రబ్బరు పట్టుకొని పిల్లల తప్పు జవాబులను చెరపి, ఒప్పు జవాబులను నింపినవారు వారిలో కలరు.