మేల్కొనని పాత కంప్యూటరు

1982లో వెలువడిన కమడోర్ 64 అను గృహ కంప్యూటరును నేటికిని కొందరు భద్రపఱచియున్నారు. ఏండ్ల పిమ్మట దానిని అటకనుండి దింపి మీట వేయగా ఒక్కొక్కప్పుడు ఎఱ్ఱదీపము వెలుగును గాని తెర నల్లగనే యుండును. యజమాని ఆశతో మీటను మరల మరల వేసి చూచును. ఆ పని మాత్రము చేయవలదని నా మనవి.

ఈ యంత్రమునకు విద్యుత్తు నందించుటకు వేఱుగా నొక బరువైన పెట్టె కలదు. అది 5 వోల్టుల ఏకముఖ విద్యుత్తును, 9 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఇచ్చును. అందులో వోల్టేజి నదుపుచేయు భాగము ముదిమిచే చెడినపుడు 5 వోల్టుల ధార తగ్గుటకు మారుగా హెచ్చుట కలదు. అపుడు జ్ఞాపకశక్తి నిచ్చు చిప్పులు మాడిపోవును; ఆకలిచే గాక అజీర్తిచే చచ్చుట యన్నమాట!

కావున నేను మొదట పెట్టెను యంత్రమునుండి విడదీసి, మీటరు ముళ్లు ఒకదానికొకటి తగులకుండ కొలుతును. పావుగంట వేచి, పెట్టె వేడెక్కిన పిదప మరల కొలుతును. 5.25 వోల్టులు దాటినచో దానిని ఇక వాడను. పెక్కు పెట్టెలలో గట్టిపడు జిగురు పోసి మూసియుందురు గనుక మరమ్మతు దుస్సాధ్యము. క్రొత్తది తెచ్చుకొనుటయే మేలు.

కొలత సరియైనచో, ప్లగ్గు తీసి, యంత్రములోని చిన్న ఫ్యూజును చూతును. తొలినాళ్ల యంత్రములలో అది తెగినను దీపము వెలుగును, తెర వెలుగదు. అదియు బాగున్న పక్షమున మీట వేసి, చిప్పులను వ్రేలితో తాకి చూతును. తోడివానికంటె మిక్కిలి వేడెక్కిన జ్ఞాపక చిప్పును మొదట అనుమానింపవలెను; చల్లగానున్నవి నిర్దోషులని చెప్పుటకును వీలులేదు.

అన్నియు చక్కబడినపుడు నీలితెరపై 38911 అను సంఖ్య కానవచ్చును. అది బేసిక్ భాషలో వ్రాసికొనుటకు మిగిలియున్న బైట్ల లెక్క.